పుచ్చు మొత్తం తొలగించాలా, అడుగున కొంత వదిలి మూసివేయాలా?

కృష్ణలంక_అమ్మ
మా బాబుకు ఏడేళ్లు. కింది పాల దవడ పళ్లలో ఒకటి లోతుగా పుచ్చింది. తీపి తిన్నప్పుడు, చల్లని నీళ్లు తాగినప్పుడు జివ్వుమంటుందే తప్ప రాత్రిపూట నొప్పి లేదు, చిగురు వాపూ లేదు. మొదట చూపించిన వైద్యుడు ఎక్స్‌రే తీసి, మత్తు సూది ఇచ్చి పుచ్చిన భాగమంతా మిషనుతో తీసివేయాలని, ఆ క్రమంలో నరం బయటపడే అవకాశం ఎక్కువ కనుక నరానికి కూడా వైద్యం చేసి క్యాప్ పెట్టవలసి వస్తుందని చెప్పారు. తరువాత చూపించిన పిల్లల దంతవైద్యురాలు అదే ఎక్స్‌రే చూసి, అడుగున కొంత పుచ్చును కావాలనే వదిలి పైన గట్టిగా మూసివేస్తే చాలని, బహుశా సూది కూడా అక్కర్లేదని అన్నారు. ఒకే పన్నుకు ఇంత దూరమైన రెండు సలహాలు ఎలా వస్తాయి? పుచ్చును లోపల వదిలేయడం వైద్యమే అవుతుందా?

గోరింటపొద
చెద పట్టిన దూలాన్ని సగం చెక్కి మిగతా సగం మీద రంగు పూసి పోయే వడ్రంగిని మీరు మళ్లీ ఇంటికి పిలుస్తారా? మొదటి వైద్యుడి మాటే వినండి.

పిప్పిపన్ను_బాధితుడు
నాకు చిన్నప్పుడు మొత్తం తీసే పద్ధతిలోనే చేశారు. ఆ మిషను చప్పుడు గుర్తుకొస్తే ఇప్పటికీ దవడ బిగుసుకుంటుంది. అయితే ఆ ఫిల్లింగు మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కనుక ఏ పక్షం వహించాలో నాకే తెలియడం లేదు.

విశాఖ_దంతవైద్యురాలు
గోరింటపొద గారి చెద పోలిక విన్నప్పుడు బాగానే ఉంటుంది కానీ పంటికి వర్తించదు. చెదపురుగు దూలాన్నే తింటుంది, కనుక మూసిపెట్టినా దానికి ఆహారం అందుతూనే ఉంటుంది. పుచ్చులోని బాక్టీరియా ప్రధానంగా ఆధారపడేది మనం తినే చక్కెర మీద. ఆ చక్కెరను పులియబెట్టి అవి విడుదల చేసే ఆమ్లం వల్ల పంటి ఉపరితలం దగ్గర పీహెచ్ (ఆమ్లత్వం పెరిగేకొద్దీ తగ్గే కొలత) సుమారు 5.5 కంటే దిగువకు పడినప్పుడు పంటి పై గట్టి పొర అయిన ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. నోటి నుంచి చక్కెర అందే దారి పూర్తిగా మూసుకుపోతే అడుగున మిగిలిన బాక్టీరియాలో అత్యధిక భాగం చనిపోతుంది, తక్కినవి చురుకు కోల్పోతాయి. ఈలోగా లోపలి పల్ప్, అంటే మనం వాడుకలో నరం అనేది, తన రక్షణ కోసం కొత్త డెంటిన్ (ఎనామిల్ కింద ఉండే పంటి భాగం) పొరను నిర్మించుకుంటుంది.

ఇక సలహాలు ఎందుకు వేరుగా వచ్చాయన్న ప్రశ్న. 20వ శతాబ్దం ఆరంభంలో అమెరికాలో దంతవైద్యుడు జి.వి.బ్లాక్ స్థిరపరచిన సూత్రాలే చాలాకాలం అన్ని దంత కళాశాలల్లోనూ పాఠంగా నడిచాయి. పుచ్చు మొత్తం తీయడమే కాకుండా, మళ్లీ పుచ్చే అవకాశమున్న పక్క గాడులను కూడా ముందుజాగ్రత్తగా చెక్కి ఫిల్లింగులో కలపాలని ఆయన చెప్పారు. అప్పట్లో అది సమంజసమే, ఎందుకంటే వెండి సిమెంటు అని మనవాళ్లు పిలిచే అమాల్గం పంటికి అంటుకోదు. అది నిలవాలంటే దానికి తగిన ఆకారంలో, తగిన లోతులో గుంత చెక్కవలసిందే. 1955లో బోనకోర్ ఎనామిల్‌ను ఆమ్లంతో గరుకు చేసి ప్లాస్టిక్‌లాంటి రెజిన్‌ను అంటించే పద్ధతిని చూపించిన తరువాత, 1972లో విల్సన్, కెంట్‌లు పంటికి రసాయనికంగా అంటుకునే గ్లాస్ అయానమర్ సిమెంటును పరిచయం చేసిన తరువాత ఆ అవసరం తగ్గింది. అదే కాలంలో జపాన్‌లో ఫుసయామ బృందం పుచ్చిన డెంటిన్‌లో రెండు పొరలున్నాయని వివరించింది. పై పొర మెత్తబడి, బాక్టీరియాతో నిండి, తిరిగి కోలుకోలేని స్థితిలో ఉంటుంది. కింది పొర ఖనిజాన్ని కొంత కోల్పోయినా దాని కొల్లాజెన్ (ప్రోటీన్ పోగుల) అల్లిక నిలిచే ఉంటుంది కనుక మళ్లీ ఖనిజం చేరి గట్టిపడగలదు. మొదటి వైద్యుడు రెండు పొరలనూ తీస్తానంటున్నారు. రెండో వైద్యురాలు నరానికి దగ్గరగా ఉన్నంత మేర కింది పొరను వదులుతానంటున్నారు.

గోరింటపొద
సిద్ధాంతం చదవడానికి ముచ్చటగానే ఉంది. మనుషుల నోళ్లలో పరీక్షించి చూశారా, లేక ప్రయోగశాల గాజుపలకల మీదనే ఆగిపోయిందా?

పీజీ_రెండో_ఏడాది
మనుషుల్లోనే పరీక్షించారు. అటువంటి పరీక్షలను కలిపి చూసిన 2013 నాటి కాక్రేన్ (వైద్య పరీక్షల ఫలితాలను సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష ప్రకారం, పుచ్చును మొత్తం ఒకేసారి తీయడంతో పోలిస్తే, రెండు విడతలుగా, అంటే కొంత వదిలి తాత్కాలికంగా మూసి, కొన్నాళ్లకు మళ్లీ తెరిచి మిగతాది తీసినప్పుడు నరం బయటపడడం 56 శాతం తగ్గింది, కొంత వదిలి ఒకేసారి మూసివేసినప్పుడు 77 శాతం తగ్గింది. బ్రెజిల్‌లో మాల్ట్జ్ బృందం శాశ్వత దవడ పళ్లలో లోతైన పుచ్చులను తీసుకుని ఈ రెండు కొత్త మార్గాలనే ఒకదానితో ఒకటి పోల్చింది. మూడేళ్ల తరువాత, కొంత వదిలి ఒకేసారి మూసిన పళ్లలో 91 శాతంలోనూ, రెండు విడతల పద్ధతిలో 69 శాతంలోనూ నరం సజీవంగా ఉంది. రెండో విడతకు రోగులు రాకపోవడం, తాత్కాలిక సిమెంటుతోనే నెట్టుకురావడం ఈ తేడాకు ఒక ముఖ్య కారణం. మన దగ్గర రోగుల అలవాట్లు తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించదు.

2015లో బెల్జియంలోని ల్యూవెన్‌లో సమావేశమైన అంతర్జాతీయ నిపుణుల బృందం దీనికి ఒక కొలమానాన్ని కూడా ఇచ్చింది. పుచ్చు లోతు తక్కువగానో మధ్యస్థంగానో ఉంటే అడుగున గట్టి డెంటిన్ తగిలేదాకా తీయాలి. నరానికి దగ్గరగా వెళ్లిన లోతైన పుచ్చులో మాత్రం అడుగున మెత్తని పొరనే వదిలి ఆగవచ్చు. రెండు సందర్భాల్లోనూ గుంత అంచులన్నీ చుట్టూ శుభ్రంగా, గట్టిగా ఉండి తీరాలి, ఎందుకంటే సిమెంటు అతుక్కుని దారిని మూసేది అక్కడే. ఎక్కడ ఆగాలో నిర్ణయించేది రంగు కాదు, పరికరం మొన కింద తెలిసే గట్టిదనం.

పిప్పిపన్ను_బాధితుడు
రెండో విడతకు వెళ్లని ఆ రోగుల జాబితాలో నా పేరు కూడా ఉండి ఉంటుందని నా అనుమానం. నేను బ్రెజిల్ వెళ్లలేదన్న ఒక్క విషయమే నన్ను కాపాడుతోంది.

గోరింటపొద
పీజీ గారి అంకెలను నేను కాదనను. కానీ ఆ అంకెలు విశ్వవిద్యాలయాల్లో, పంటి చుట్టూ రబ్బరు తెర బిగించి, లాలాజలం చుక్క కూడా తగలకుండా, తీరికగా పనిచేసినప్పుడు వచ్చినవి. సాయంత్రం ఆరు దాటాక కిటకిటలాడే ఊరి క్లినిక్‌లో, పక్కన సహాయకురాలు కూడా లేకుండా, పది నిమిషాల్లో పెట్టే సిమెంటు మీద నాకు ఆ నమ్మకం ఎలా కలుగుతుంది? అంచుల మూత సరిగా లేకపోతే, వదిలిన పుచ్చుకు మీరు చెప్పిన చక్కెర దారి తెరిచే ఉంటుంది కదా. పాత పద్ధతిలో కనీసం లోపల ఏమీ మిగలదు.

విశాఖ_దంతవైద్యురాలు
అంచుల మూత సరిగా లేకపోతే పద్ధతి విఫలమవుతుందన్న మాట అక్షరాలా నిజం. అయితే మూత కారుతున్న పంటిలో పాత పద్ధతిలో చేసిన ఫిల్లింగు కింద కూడా పుచ్చు మళ్లీ మొదలవుతుంది, మీరు ఎంత శుభ్రంగా తీసి ఉన్నా సరే. పైగా పూర్తిగా తీసినప్పుడు లోపల బాక్టీరియా ఏమీ మిగలదన్నది కూడా పూర్తి నిజం కాదు; గట్టిగా తగిలే డెంటిన్‌లోని సన్నని నాళాల్లో సైతం కొన్ని ఉంటూనే ఉంటాయి. ఈ తప్పనిసరి మిగులు కోసం నరాన్ని పణంగా పెట్టాలా అన్నదే లోతైన పుచ్చు విషయంలో అసలు ప్రశ్న.

బొప్పాయి_తోట
మా అమ్మాయికి మిషను లేకుండా జెల్‌తో తీశారు. ఆకుపచ్చని జెల్ వేసి, కాసేపు ఆగి, చిన్న చెంచాలాంటి పరికరంతో గీకి, మళ్లీ జెల్ వేసి గీకారు. అమ్మాయి ఏడవలేదు, సూది కూడా అవసరం కాలేదు. మిషనుతో అయితే ఐదు నిమిషాల పని అని, దీనికి అంతకు ఎన్నో రెట్లు పట్టిందని వైద్యురాలే నవ్వుతూ చెప్పారు. అందులో ఉండేది బొప్పాయి పాలలోని పపైన్ అట.

తిరుపతి_తమ్ముడు
మా పెరట్లో రెండు బొప్పాయి చెట్లున్నాయి. నేరుగా కాయకు గాటు పెట్టి ఆ పాలు వేసుకుంటే ఖర్చు మిగులుతుందా?

విశాఖ_దంతవైద్యురాలు
తమ్ముడూ, దయచేసి ఆ పని చేయకు. పచ్చి బొప్పాయి పాలు నోటిలోని మెత్తని చర్మాన్ని పుండు చేస్తాయి, పుచ్చు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

పీజీ_రెండో_ఏడాది
ఈ జెల్‌ల విషయంలో కొంత వివరం అవసరమనిపిస్తోంది. 1990ల చివర స్వీడన్ నుంచి వచ్చిన కారిసాల్వ్‌లో సోడియం హైపోక్లోరైట్‌తోపాటు మూడు అమైనో ఆమ్లాలు ఉంటాయి. 2003లో బ్రెజిల్‌లో పపైన్‌తో పాపాకారీ వచ్చింది. పపైన్ ఆధారంగా మన దేశంలో తయారైన కారీ-కేర్ అనే జెల్ కూడా ఉంది. ఇవన్నీ అప్పటికే దెబ్బతిన్న కొల్లాజెన్‌ను మాత్రమే మెత్తబరుస్తాయి కనుక ఆరోగ్యంగా ఉన్న డెంటిన్ దగ్గర గీకుడు దానంతట అదే ఆగిపోతుంది. నొప్పి, సూది అవసరం తగ్గుతాయన్నది చాలా పరిశీలనల్లో కనిపించింది. సమయం ఎక్కువ పడుతుందన్నదీ అంతే స్థిరంగా కనిపించింది. పైన ఎనామిల్ మూసుకుని లోపల మాత్రమే పుచ్చిన పన్నయితే, జెల్ లోపలికి చేరడానికి ముందు ఎలాగూ మిషనుతో ద్వారం తెరవాలి.

బెంగళూరు_పద్మజ
లేజరు గురించి ఎవరూ ప్రస్తావించలేదు. నాకు ఎర్బియం లేజరుతో ఒక చిన్న పుచ్చు తీశారు. మిషను గిరగిర ఉండదు కానీ టపటపమని పేలుతున్న చప్పుడు వస్తుంది, కాస్త కాలిన వాసన కూడా వచ్చింది. బిల్లు మాత్రం చాలా ఎక్కువైంది. అంత ఖర్చుకు తగిన లాభం ఉందా?

విశాఖ_దంతవైద్యురాలు
2940 నానోమీటర్ల ఆ కాంతిని నీరు బాగా పీల్చుకుంటుంది. పంటిలోని నీరు ఒక్కసారిగా ఆవిరై వ్యాకోచించడంతో గట్టి భాగం చిన్న చిన్న తునకలుగా ఊడుతుంది. మీరు విన్న చప్పుడు అదే. 1997లో అమెరికాలో ఈ వాడకానికి అనుమతి లభించింది. సూది అంటే భయపడేవారికి మంచిదే. కానీ ఫిల్లింగు ఎన్నేళ్లు నిలుస్తుందన్న విషయంలో మామూలు మిషనుకంటే మెరుగని చెప్పగల ఆధారం లేదు. పాత అమాల్గం ఉన్న పంటిలో దాన్ని తీయడానికి లేజరు పనికిరాదు. నా క్లినిక్‌లో నేను లేజరు కొనకపోవడానికి కారణం దాని ధరే, దాచడం ఎందుకు.

గోరింటపొద
ఈ ఒక్క నిజాయితీకి మీకు దండం పెట్టవచ్చు.

పీజీ_రెండో_ఏడాది
ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలగలిసిపోతున్నాయి. జెల్, లేజరు, గాలితో అల్యూమినా పొడిని చిమ్మే యంత్రం, చేతి పరికరాలు, మామూలు ఎయిరోటర్ మిషను, ఇవన్నీ పుచ్చును దేనితో తీయాలన్న ప్రశ్నకు సమాధానాలు. ఎంతవరకు తీయాలన్నది వేరే ప్రశ్న. మామూలు మిషనుతోనే నిదానంగా, అడుగున చేతి పరికరంతో, నరానికి దూరంగా ఆగిపోయే వైద్యుడు తక్కువ కోత పద్ధతినే పాటిస్తున్నట్టు. ఖరీదైన లేజరు చేతిలో ఉన్నా లోతైన పుచ్చులోనూ గట్టి డెంటిన్ తగిలేదాకా తవ్వేవారు పాత పద్ధతిలోనే ఉన్నట్టు. ప్రకటన బోర్డు మీద లేజరు అని రాసి ఉండడాన్ని బట్టి ఏదీ తేల్చుకోలేము.

మన్యం_మాస్టారు
నేను పాడేరు వైపు బడిలో పనిచేస్తున్నప్పుడు దంత శిబిరం పెట్టారు. కరెంటు లేదు. తరగతి గది బల్ల మీద పిల్లలను పడుకోబెట్టి, చేతి పరికరాలతోనే పుచ్చు గీకి, తెల్లని సిమెంటు వేలితో అదిమి నింపారు. ఇదేదో మొక్కుబడి వ్యవహారమని అప్పుడు మేమంతా అనుకున్నాం. కొందరి పళ్లలో ఆ సిమెంటు నేను బదిలీ అయ్యేనాటికీ నిలిచే ఉంది, కొందరివి త్వరగానే ఊడిపోయాయి. దీనికి శాస్త్రీయమైన పేరేమైనా ఉందా?

విశాఖ_దంతవైద్యురాలు
ఉంది మాస్టారూ, దాన్ని ఏఆర్‌టీ (అట్రామాటిక్ రెస్టోరేటివ్ ట్రీట్‌మెంట్) అంటారు. 1980ల నడుమ టాంజానియాలో ఫ్రెంకెన్ బృందం కరెంటు, మిషను లేని చోట్ల కోసం రూపొందించిన పద్ధతి అది. తరువాత థాయిలాండ్, జింబాబ్వేలలో పరీక్షించారు, 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రోత్సహించింది. మీరు గమనించిన తేడాకు కూడా వివరణ ఉంది. నమిలే ముఖం మీద మాత్రమే ఉన్న పుచ్చులో ఆ సిమెంటు బాగా నిలుస్తుంది. రెండు పళ్ల మధ్య సందులోకి పాకిన పుచ్చులో తరచుగా ఊడిపోతుంది.

నల్లగొండ_రామచంద్రం
మా వైపు సమస్య ఇంకొకటి. ఫ్లోరైడు నీళ్ల వల్ల మా పళ్లకు గోధుమరంగు మచ్చలు, గుంటలు ఉంటాయి. వేరే ఊళ్లో ఒక వైద్యుడు నా ముందు పళ్ల మచ్చలను పుచ్చుగా భావించి, రెండింటిని చెక్కి ఫిల్లింగు చేశాడు. తక్కువ కోత గురించి ఇంత మాట్లాడుతున్నారు కనుక, అసలు కోతే అక్కర్లేని పన్నును గుర్తుపట్టడం ఎలాగో కూడా చెప్పండి.

పీజీ_రెండో_ఏడాది
రామచంద్రం గారు అడిగింది ఈ చర్చలో అన్నిటికంటే ముందు రావలసిన ప్రశ్న. ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడు ఎక్కువై వచ్చే ఈ మచ్చలు, పళ్లు తయారయ్యే వయసులో వచ్చేవి కనుక ఒకే కాలంలో రూపొందిన పళ్లకు రెండు వైపులా జంటగా కనిపిస్తుంది. పుచ్చుకు అటువంటి సమతూకం ఉండదు. గాడుల్లో, పళ్ల సందుల్లో, చిగురు అంచున, అంటే పాచి నిలిచే చోట్ల అది మొదలవుతుంది. పంటిని గాలితో ఆరబెట్టి, మొన మొద్దుబారిన పరికరంతో మృదువుగా తాకి చూస్తే ఫ్లోరోసిస్ మచ్చ సాధారణంగా గట్టిగానే ఉంటుంది. గుంట పడని తొలిదశ తెల్లమచ్చ నిజంగా పుచ్చే అయినా దానికి మిషను అవసరం లేదు. ఫ్లోరైడు వార్నిష్, పాచి శుభ్రత, తీపి తినే తడవలు తగ్గించడంతోనే అది ఆగిపోగలదు.

కృష్ణలంక_అమ్మ
మా బాబు సంగతికి వస్తే, రెండో వైద్యురాలు నిన్న మరో మాట కూడా చెప్పారు. పుచ్చును అసలు తాకకుండానే, దాని మీద నేరుగా స్టీలు క్యాప్ దించేయవచ్చట. ఇది విని మా అత్తగారు క్లినిక్ మార్చమంటున్నారు.

విశాఖ_దంతవైద్యురాలు
అది హాల్ పద్ధతి. స్కాట్లండ్‌లో నోర్నా హాల్ అనే దంతవైద్యురాలు తన క్లినిక్‌లో ఏళ్ల తరబడి ఇలా చేస్తుండగా, ఆ రికార్డులు చూసి మొదట చాలామంది మీ అత్తగారిలాగే అనుమానించారు. ఆ తరువాత అక్కడే 132 మంది పిల్లలపై, ఒక్కొక్కరిలో ఒక పంటికి ఈ క్యాప్, మరో పంటికి మామూలు ఫిల్లింగు చేసి పోల్చారు. ఐదేళ్ల తరువాత చూస్తే, నరం చెడడం, చీము పట్టడం వంటి పెద్ద వైఫల్యాలు క్యాప్ ఉన్న పళ్లలో 3 శాతం, ఫిల్లింగు ఉన్న పళ్లలో 16.5 శాతం. పని చేసింది విశ్వవిద్యాలయ ఆచార్యులు కారని, ఊళ్లలోని మామూలు దంతవైద్యులని గోరింటపొద గారు గమనించాలి. మీ బాబు పన్ను ఊడడానికి ఇంకా మూడు నాలుగేళ్లుంది కనుక ఆ సలహా నాకు సమంజసంగానే తోస్తోంది. క్యాప్ దించిన మొదటి కొద్ది రోజులు కరుచుకున్నప్పుడు ఎత్తుగా అనిపిస్తుంది, తరువాత సర్దుకుంటుంది.

గోరింటపొద
గమనించాను. అయితే బ్రిటన్‌లోనే మరో పెద్ద పరీక్ష జరిగింది కదా, దాని ఊసు ఎవరూ ఎత్తరేం? 2020లో వెలువడిన ఫిక్షన్ అనే పరీక్షలో వెయ్యిమందికి పైగా పిల్లలకు మామూలు పద్ధతి, పుచ్చును మూసివేసే పద్ధతి, కేవలం నివారణ అనే మూడు మార్గాలు పాటిస్తే, నొప్పి లేదా చీము వచ్చిన పిల్లల శాతంలో మూడింటి మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రతి పదిమందిలో నలుగురికి పైగా ఏదో ఒక ఇబ్బంది వచ్చింది.

పీజీ_రెండో_ఏడాది
నిజమే, ఆ ఫలితం మా తరగతిలోనూ పెద్ద వాదానికి దారితీసింది. అందులో పోల్చింది ఒక్కొక్క పంటిని కాదు, ఒక్కొక్క బిడ్డకు మొత్తంగా అనుసరించిన వ్యూహాన్ని. వైద్యులు కేటాయించిన మార్గానికి అన్ని వేళలా కట్టుబడలేదు కూడా. అయినా ఏ పద్ధతైనా తీపి తినే అలవాటును జయించలేదన్నది దాని నుంచి నేను గ్రహించినది. మీ వాదానికి అది పూర్తి మద్దతు కూడా కాదు, ఎందుకంటే సూది, మిషనుతో చేసిన మార్గం మెరుగని కూడా అది చూపలేదు.

కడప_కిరణ్
మా చిన్నవాడికి నాలుగు పళ్లు ఒకేసారి పుచ్చితే, కదలకుండా కూర్చోలేని వయసు కనుక, చుక్కల మందు పూశారు. పుచ్చు ఆగింది కానీ ఆ భాగం నల్లగా బొగ్గులా మారింది. ముందుగా ఫొటో చూపించి చెప్పారు కనుక మేము ఆశ్చర్యపోలేదు, ఇంటికి వచ్చిన చుట్టాలకు మాత్రం ప్రతిసారీ వివరించవలసి వస్తోంది.

విశాఖ_దంతవైద్యురాలు
అది 38 శాతం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్. జపాన్‌లో 1970 ప్రాంతం నుంచి వాడుకలో ఉంది, 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేరింది. ఆరు నెలలకొకసారి మళ్లీ పూయించండి. వెండి నలుపు పుచ్చిన భాగానికే పడుతుంది, ఆరోగ్యంగా ఉన్న ఎనామిల్‌కు నిలవదు.

డల్లాస్_సుబ్బారావు
ఒక ఆచరణాత్మక సమస్యను ఎవరూ చెప్పలేదు. హైదరాబాదులో నాకు శాశ్వత దవడ పన్నుకు అడుగున కొంత వదిలి కాంపోజిట్‌తో (పంటి రంగు రెజిన్ ఫిల్లింగు) మూశారు. ఇక్కడికి వచ్చాక మరో వైద్యుడు ఎక్స్‌రేలో ఫిల్లింగు కింద నల్లని నీడ చూసి, పుచ్చు మిగిలిపోయింది కనుక తెరవాలన్నాడు. హైదరాబాదు వైద్యురాలికి సందేశం పంపి, అప్పటి ఎక్స్‌రే, ఆమె రాసిపెట్టిన వివరం తెప్పించి చూపిస్తే గాని ఆయన ఆగలేదు. రెండు ఎక్స్‌రేల్లోనూ నీడ పెరగలేదని తరువాత ఆయనే చూపించాడు. 2023లో అమెరికా దంతవైద్య సంఘం విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా తక్కువ తొలగించడానికే మొగ్గు చూపాయి, కానీ అన్ని క్లినిక్‌లకూ ఆ అలవాటు ఇంకా చేరలేదు.

పిప్పిపన్ను_బాధితుడు
అంటే పన్నుతోపాటు దాని కాగితాలను కూడా భద్రపరచుకోవాలన్నమాట. పట్టాదారు పాసుపుస్తకం పక్కనే పెట్టుకుంటాను.

విశాఖ_దంతవైద్యురాలు
పెట్టుకోండి, నవ్వులాటగా అన్నా అది సరైన పనే. కృష్ణలంక అమ్మగారూ, ఇన్ని మాటల్లో ఒకటి మరుగున పడకూడదు. ఈ పద్ధతులన్నీ నరం ఇంకా కోలుకోగల స్థితిలో ఉన్న పంటికే. దానంతట అదే మొదలై ఆగని నొప్పి, నిద్రలేపే నొప్పి, చిగురు మీద చీముపొక్కు, పన్ను కదలడం, ఎక్స్‌రేలో పంటి వేళ్ల దగ్గర లేదా వేళ్ల మధ్య నలుపు, వీటిలో ఏదున్నా పుచ్చును లోపల వదిలి మూయకూడదు. నరానికి వైద్యమో, పన్ను తీయడమో తప్పదు. మీ బాబుకు ఈ లక్షణాలు లేవని మీరు రాసిన దాన్ని బట్టే నేను మాట్లాడుతున్నాను. ఎక్స్‌రేలో వేళ్ల మధ్య భాగం శుభ్రంగా ఉందా అని మీ వైద్యురాలిని ఒక్క మాట అడగండి.

కృష్ణలంక_అమ్మ
అడిగాను. ఎక్స్‌రే వెలుతురులో పెట్టి వేళ్ల మధ్య ఎముక బాగానే ఉందని చూపించారు. వచ్చే మంగళవారం క్యాప్‌కు చోటు కోసం పళ్ల సందుల్లో రబ్బరు రింగులు పెట్టి, కొద్దిరోజుల తరువాత క్యాప్ దించుతారట. రింగు ఊడిపోతే మింగేస్తాడేమోనని ఇప్పుడు మా అత్తగారి కొత్త భయం.

విశాఖ_దంతవైద్యురాలు
రింగు చాలా చిన్నది. ఊడితే చాలాసార్లు అన్నంలోనో, బ్రష్షు చేసేటప్పుడో కనిపిస్తుంది. మింగినా మామూలుగా బయటకు పోతుంది. ఒకవేళ దగ్గు వచ్చి ఆగకపోయినా, ఊపిరి ఇబ్బంది అనిపించినా మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. రింగు ఉన్నన్నాళ్లూ జిగురు మిఠాయిలు పెట్టవద్దు, అంటుకుని అది ఊడివస్తుంది.

గోరింటపొద
జిగురు మిఠాయిలు వద్దన్న సలహాతో మాత్రం నాకు ఏ పేచీ లేదు. క్యాప్ సంగతి ఏడాది తరువాత ఎక్స్‌రే పెట్టండి, అప్పుడు మాట్లాడదాం.